కొండ దిగితేనే కోర్టు

వకీళ్ల మీద మన తెలుగువాళ్లు చెప్పుకునే హాస్యాలకు లెక్కలేదు. ఆవు నాదంటే నాదని అన్నదమ్ములిద్దరు తగవుపడి, ఒకడు కొమ్ములు పట్టుకుని, ఇంకొకడు తోక పట్టుకుని లాగుతుంటే, మధ్యన వకీలుగారు చెంబు పెట్టుకుని తీరుబడిగా పాలు పితుక్కుంటున్నారట. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత వినని తెలుగు ఊరు ఉండదు. కన్యాశుల్కంలో గురజాడవారు దావాల పిచ్చి పట్టిన అగ్నిహోత్రావధాన్లునీ, ఆ పిచ్చిని ఆసరా చేసుకుని బతికే రామప్పపంతులునీ మన ముందు నిలబెట్టి ఎంత నవ్వించారో చెప్పక్కర్లేదు. అదే నాటకంలో సౌజన్యారావు పంతులు కూడా వకీలే. ఆయన మీద మాత్రం మనకెవరికీ నవ్వు రాదు.

ఈ హాస్యాలన్నీ మైదానంలో పుట్టినవి. జిల్లా కోర్టు పక్క వీధిలో ఉన్నవాళ్లకి, వకీలు గుమాస్తాతో బేరమాడిన అనుభవం ఉన్నవాళ్లకి వాటిలో ఉప్పూకారం తెలుస్తుంది. మా అరకు వైపు వకీలు మీద ఎవరూ జోకు వెయ్యరు. ఇక్కడ వినపడే మాట వేరు. కోర్టంటే ఏమిటి తాతా అని మనవడు అడిగితే, తెల్లారుజామున లేచి, బస్సెక్కి, కొండ దిగి, వచ్చే నెల రమ్మని చెప్పించుకుని, చీకటిపడ్డాక ఇంటికి రావడంరా అన్నాడట తాత. అరకు నుంచి విశాఖపట్నం నూటపది కిలోమీటర్ల పైమాటే. లోపలి ఊళ్లవాళ్లు బస్సు దొరికే రోడ్డు దాకా నడవడమే ఒక ప్రయాణం. ఆ రోజు కూలి పోతుంది. చార్జీలు, తిండి ఖర్చులు మీద పడతాయి. తీరా వెళ్తే, జడ్జిగారు సెలవో, పోలీసు సాక్షి రాలేదో, కాగితం అందలేదో, ఏదో ఒక కారణం మీద వాయిదా.

న్యాయవ్యవస్థను ఎలా బాగుచేయాలన్న చర్చ మనకు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పెండింగ్ కేసులు తగ్గాలి, జడ్జీల ఖాళీలు నింపాలి, ఫీజులకు హద్దుండాలి అంటారు. అవన్నీ కావలసినవే. కానీ కొండ మీద నుంచి చూస్తే వీటన్నిటికన్నా ముందున్న కష్టం ఒకటి కనపడుతుంది. ఇక్కడి మనిషి లేకుండానే, అతని మాట వినకుండానే అతని సంగతి తేలిపోతుంది. సుమారు నూట యాభై ఏళ్లుగా ఇదే జరుగుతోందని చెప్పడానికి చరిత్రలో గట్టి ఆధారం ఉంది. ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

1879 మార్చిలో రంప కొండల్లో తిరుగుబాటు మొదలైంది. అది గొలుగొండ కొండలకీ, రేకపల్లి వైపుకీ పాకింది. కారణాలు చాలా ఉన్నాయి. రంపను ఏలే మన్సబుదారు పీడన, కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు. వీటితోపాటు అప్పటి విచారణలో బయటపడిన ఇంకో కారణం కోర్టు. కింది నుంచి వర్తకులు వచ్చి కొండవాళ్లతో చింతపండు, పసుపు లాంటి సరుకుకు ఒప్పందాలు చేసుకునేవారు. సరుకు అందలేదనో, అప్పు తీరలేదనో మైదానంలో ఉన్న కోర్టులో దావా వేసేవారు. సమను కొండకు చేరేలోపు, చేరినా అందులో ఏముందో తెలిసేలోపు కేసు పిలిచేసేవారు. ప్రతివాది రాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేది. ఆ డిక్రీ పట్టుకుని జవాన్లు పైకొచ్చి పశువుల్నీ, పంటనీ తోలుకుపోయేవారు. కోర్టు ముఖం చూడని మనిషికి కోర్టు చేతిలో ఇల్లు గుల్లయ్యేది. ఇదంతా సర్కారు పనేనని కొండవాళ్లు నమ్మారు. వాళ్ల నమ్మకంలో తప్పేముంది? డిక్రీ మీద ముద్ర సర్కారుదే కదా.

వింతేమిటంటే, మామూలు కోర్టులు ఈ కొండలకు పనికిరావని అంతకు నలభై ఏళ్ల క్రితమే తెల్లదొరలకు తెలుసు. 1830లలో పర్లాకిమిడి, విశాఖ జమీల్లో గొడవలు చెలరేగినప్పుడు జార్జి రస్సెల్ అనే దొరను ప్రత్యేక కమిషనరుగా పంపారు. ఆయన సలహా మీద 1839లో ఇరవై నాలుగో చట్టం చేసి, గంజాం, విశాఖ కొండల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరు చేతికి అప్పగించారు. అప్పటి నుంచి కలెక్టరు ఈ కొండలకు గవర్నరు తరఫు ఏజెంటు అయ్యాడు. మన ఏజెన్సీ అన్న పేరూ అక్కడి నుంచే వచ్చింది. ఆ ఏర్పాటు ఛాయలు ఇప్పటికీ పోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి సెక్షనే, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీల్లో ఉన్న ప్రత్యేక నిబంధనలకు భంగం లేకుండానే తాను వర్తిస్తానని ఈనాటికీ చెబుతుంది. అందుకే ఇక్కడి భూమి తగాదాలు ఎక్కువగా రెవెన్యూ అధికారి ముందుకే వెళ్తాయి.

ఇక్కడ ఒక ముచ్చట గుర్తొస్తుంది. మన రాష్ట్రంలో భూహక్కుల చట్టం 2023 చివర్లో అమల్లోకి వచ్చినప్పుడు వకీళ్లు నెలల తరబడి కోర్టులు బహిష్కరించారు. భూమి ఎవరిదో సివిల్ కోర్టు తేల్చాలి గానీ అధికారి తేల్చడమేమిటని వాళ్ల వాదన. ఆదాయం పోతుందనే ఈ గోల అని కొందరు నవ్వారు. 2024లో ఆ చట్టం రద్దయింది. మైదానానికి అంత భయం పుట్టించిన ఆ పద్ధతిలోనే కొండవాళ్లు తరతరాలుగా బతుకుతున్నారన్న సంగతి ఆ చర్చలో ఎక్కడా వినపడలేదు. నాకది బాధ కలిగించింది.

అధికారి దగ్గర విచారణలో మేలు లేకపోలేదు. దగ్గరగా ఉంటాడు. పద్ధతి తేలిక, ఖర్చు తక్కువ. కానీ ఆయనకు పింఛన్లు, రోడ్లు, వరదలు, మంత్రుల పర్యటనలు, ఎన్నికలు అన్నీ అయ్యాకే కేసు. ఫైలు చదవడం పూర్తయ్యేసరికి బదిలీ. అంతకన్నా పెద్ద చిక్కు, భూమి కాగితాలు రాసేదీ, లీజులకు సిఫారసు చేసేదీ ఆ శాఖే. తగవు వస్తే తీర్పు చెప్పేదీ ఆ శాఖే. ఈ దగ్గరితనాన్నీ, తేలిక పద్ధతినీ ఉంచుకుని, వినడానికి తీరిక ఉన్న జడ్జిని అక్కడ కూర్చోబెట్టాలని నా అభిప్రాయం.

మనిషి కోర్టుకు రాలేడన్న నిజాన్ని గుర్తుపెట్టుకుని చేసిన చట్టాలు మనకు లేవా అంటే, ఉన్నాయి. అవే ఈ కొండల్ని కాపాడాయి. 1917లో ఏజెన్సీ భూముల బదిలీ మీద మొదటి చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1959లో భూబదిలీ నిబంధనలు, 1970లో దానికి సవరణ. మావాళ్లు దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. అక్షరం రాని ముసలమ్మ కూడా ఆ పేరు పలుకుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఆ భూమి పట్టుకున్నవాడిది. కాగితం లేనివాణ్ణి కాగితం తెమ్మని అడగదు. ఎవరూ దరఖాస్తు పెట్టకపోయినా అధికారి తనంతట తానే విచారణ మొదలుపెట్టవచ్చు. అంటే వకీలును పెట్టుకోలేని మనిషికీ కేసు నడుస్తుంది. ఈ చట్టాన్ని 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2006 అటవీహక్కుల చట్టమూ ఇలాంటిదే. పోడు ఎవరిదని తేల్చడానికి ఊరి పెద్దవాళ్లు నోటితో చెప్పిన మాటను రాసుకుని సాక్ష్యంగా తీసుకోవచ్చంది. పాత బావినీ, పూర్వీకుల శ్మశానాన్నీ, ఊరి దేవత చోటునీ ఆధారాలుగా చూడమంది. చట్టం ఈ కొండల బతుకును చూసి మాట్లాడిన అరుదైన సందర్భాలివి. అమలు ఎంత కుంటినడకగా ఉన్నా, ఆ చట్టాలు రాసినవాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను.

వకీళ్ల ఊసెత్తినప్పుడు బొర్రా గుహల పక్క ఊళ్ల కథ చెప్పకుండా ఉండలేను. అనంతగిరి మండలంలో నిమ్మలపాడు వైపు కాల్సైట్ తవ్వకాలకు ఒక పెద్ద కంపెనీకి ప్రభుత్వమే లీజు ఇచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని చట్టం ఉంది గదా అంటే, అది మనుషుల మధ్య బదిలీకే గానీ ప్రభుత్వానికి తగలదన్నారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ ఊరివాళ్ల పక్షాన హైకోర్టుకు వెళ్లింది. 1995లో అక్కడ ఓడిపోయింది. ఢిల్లీ వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, ప్రభుత్వం కూడా ఆ చట్టం కిందికి వచ్చే వ్యక్తేననీ, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవనీ తీర్పు చెప్పారు. ప్రభుత్వ సంస్థలు తవ్వినా లాభంలో కనీసం ఇరవై శాతం ఆ ప్రాంతపు నీళ్లకీ, బడికీ, ఆసుపత్రికీ పెట్టాలన్నారు. దేశంలో ఏ కొండ మీద గనుల తగాదా వచ్చినా సమత తీర్పు పేరు వినపడుతుంది. ఆ వాదన చేసింది వకీళ్లే. హైకోర్టులో ఓడిన ఫైలును మూలన పడేయకుండా ఢిల్లీ దాకా మోసినవాళ్లు అలసిపోయి ఉంటే ఆ గుహల పక్కన ఈపాటికి ఏముండేదో.

అలసిపోని వకీళ్లలో కె. బాలగోపాల్ గారు ఒకరు. ఆయన కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించినవారు. హక్కుల ఉద్యమంలో ఏళ్ల తరబడి తిరిగాక లా చదివి, 1998 నుంచి హైకోర్టులో వకీలుగా పనిచేశారు. 2009 అక్టోబరులో చనిపోయేదాకా డబ్బులేని వాళ్ల కేసులే ఆయన కేసులు. ఏజెన్సీ భూచట్టాల మీద ఆయన రాసినవి చదివితే, సెక్షన్ల వెనక బతికున్న మనుషులు కనపడతారు.

విశాఖలో ఇంకొక పెద్ద వకీలు ఉండేవారు. రావిశాస్త్రి అని మనం ప్రేమగా పిలుచుకునే రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు. ఆరు సారా కథల్లో ఆయన కోర్టును చూపించి నవ్విస్తారు. ఆ నవ్వు గొంతు దిగదు. సారా నిషేధం చట్టం కింద పెద్దవాళ్లు బయటే ఉండి, పొట్టకూటికి సీసా మోసినవాళ్లు, మోయనివాళ్లు కూడా బోనెక్కడం ఆయన రోజూ చూసినదే. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. సారా పోయి గంజాయి వచ్చింది. బోనులో మనుషులు మాత్రం మారలేదు.

ఈ సంగతి కాస్త నిలబడి చెప్పాలి. గంజాయి వ్యాపారం చేసేవాడు, పెట్టుబడి పెట్టేవాడు మా ఊళ్లలో ఉండడు. మూట ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరిస్తే కూలి కన్నా రెండింతలు ఇస్తానంటాడు. ఇంట్లో జబ్బో, పెళ్లో, అప్పో ఉన్న కుర్రాడు ఒప్పుకుంటాడు. ఘాటు రోడ్డులో దొరుకుతాడు. ఇరవై కిలోలు దాటితే చట్టం దాన్ని వ్యాపార పరిమాణం అంటుంది. కనీసం పదేళ్ల శిక్ష, లక్ష రూపాయల జుల్మానా. అలాంటి కేసులో బెయిలు కావాలంటే నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జికి అనిపించాలి. విచారణే మొదలుకాని దశలో ఆ నమ్మకం ఎలా కలిగించాలి? కలిగించే వకీలెవరు? ఒకవేళ బెయిలు వచ్చినా జామీనుకు ఇద్దరు ఆస్తిపరులు కావాలంటారు. కొండ మీద అమ్మకానికి విలువలేని పట్టా భూమి ఉన్న మేనమామ తప్ప ఎవరున్నారు? విశాఖ సెంట్రల్ జైలు గంజాయి కేసులతో నిండిపోయిందని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. గంజాయిని నేను సమర్థించడం లేదు. అది మా పిల్లల్ని కూడా తినేస్తోంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. మంచిదే. కానీ మూట మోసినవాడు పదేళ్లు లోపలుండి, మూట కట్టించినవాడి పేరే చార్జిషీటులో లేకపోతే, ఆ తీర్పులో పాతకాలపు ఎక్స్‌పార్టీ డిక్రీ నాకు కనపడుతుంది.

భాష సంగతి ఇంకా ఘోరం. మా కొండల్లో కువి మాట్లాడే కోదులున్నారు. గదబలు, పోర్జాలు, కొటియాలు ఉన్నారు. చాలామందికి ఆదివాసీ ఒడియా సంతభాష. తెలుగు బాగా వచ్చిన బగతలు, కొండదొరలు, వాల్మీకులూ ఉన్నారు. కోర్టులో కాగితం ఇంగ్లీషులో, ప్రశ్న తెలుగులో, జవాబు కువిలో. మధ్యలో అనువాదం చేసేది ఎవరు? చాలాసార్లు అక్కడే నిలబడ్డ ఎవరో ఒకరు. అరెస్టు చేసినప్పుడు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. చదువురాని కోదు తల్లి చేతిలో తెలుగు కాగితం పెడితే ఆ ఆదేశం నెరవేరినట్టా? చదివి, ఆమె భాషలో చెప్పి, ఆమె తిరిగి చెప్పగలిగిందా లేదా చూడాలి.

వాకపల్లి పేరు తలుచుకోకుండా ఈ మాట ముగించలేను. జి. మాడుగుల మండలంలోని ఆ కోదుల ఊరిలో 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ వెళ్లి, తిరిగొచ్చి, విశాఖలో ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పేసరికి 2023 ఏప్రిల్ 6. నిందితులైన పోలీసులను కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇమ్మని ఆదేశించింది. పదిహేనేళ్లు దాటిపోయింది. ఆ తల్లులు ఎన్నిసార్లు కొండ దిగారో, ఎన్నిసార్లు పరాయి భాషలో అదే మాట మళ్లీ చెప్పవలసి వచ్చిందో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. ఇందులో వకీలు ఫీజు సమస్య ఎక్కడుంది? మొదటి రోజు జరగవలసిన పని మొదటి రోజు జరగకపోతే తర్వాత ఎంత గొప్ప వకీలు వచ్చినా చేయగలిగింది కొంతే.

మరి ఏం చేయాలి? అల్లూరి సీతారామరాజు గారు తన తిరుగుబాటుకు ముందు, సహాయ నిరాకరణ రోజుల్లో, కోర్టులకు పోకండి, మీ తగవులు మీ పంచాయతీల్లోనే తీర్చుకోండని మన్యంలో చెప్పి తిరిగారు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం, ఆచారం ప్రకారం తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే హక్కు గ్రామసభకు ఉందని ఒప్పుకుంది. పొలం గట్టు, పశువుల మేత, పెళ్లి ఓలి లాంటి తగవులు నాయుడు, బారిక, ఊరి పెద్దల ముందు ఒక పూటలో తేలిపోవడం ఇప్పటికీ ఉంది. దాన్ని పోగొట్టుకోకూడదు. అయితే ఆ పెద్దల వరసలో ఆడవాళ్లుండరు. చిల్లంగి పెట్టిందని ఒక వితంతువు మీద నింద వేసి, తప్పు కట్టించి, ఊరి నుంచి వెళ్లగొట్టే పంచాయతీని నేను సమర్థించలేను. అలాంటి చోట ఆ మనిషికి ఊరి బయట ఒక తలుపు ఉండాలి. ఆ తలుపు నూట పది కిలోమీటర్ల దూరంలో ఉండకూడదు.

2008లో గ్రామ న్యాయాలయాల చట్టం వచ్చింది. న్యాయాధికారి ఊళ్లకు వెళ్లి విచారణ చేయాలని అందులో రాసి ఉంది. ముందు రాజీకి ప్రయత్నించమంది. సాక్ష్యం చట్టంలోని కట్టుబాట్లు అంత బిగువుగా పాటించనక్కర్లేదంది. మా కొండలకు కొలిచి కుట్టినట్టున్న చట్టం. బ్రెజిల్ దేశంలో అమెజాన్ ప్రాంతపు అమపా రాష్ట్రంలో జడ్జి, గుమాస్తాలు, వకీలు అందరూ పడవెక్కి నది ఒడ్డు ఊళ్లకు వెళ్లి అక్కడే విచారణ చేసి వస్తారు. మాకు నది అక్కర్లేదు. వారానికోసారి సంత ఉంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ రోజు అక్కడికే వస్తాయి. సంత రోజున, సంత ఊరిలో, ఒక జడ్జి, జీతం మీద పనిచేసే కువి, ఆదివాసీ ఒడియా దుబాసీలు, ఒక ఉచిత న్యాయసహాయ వకీలు కూర్చుంటే సగం వాయిదాలు తగ్గుతాయి. అరకు సంతలో అలాంటి బల్ల నేనింకా చూడలేదు. మా పిల్లలు లా చదవాలి. ఆ చదువుకు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ చేయూతనివ్వాలి. వాళ్లు నల్లకోటు వేసుకుని ఇక్కడికే తిరిగొచ్చి వాదించేలా తొలి ఏళ్లలో భత్యం ఇవ్వాలి.

ఇవి జరిగేలోపు, ఈ రోజు వింటున్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 1987 చట్టం ప్రకారం గిరిజనులకు వకీలు ఉచితం. ఆదాయం ఎంతన్నది చూడరు. కులధ్రువీకరణ ఉంటే చాలు. అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోను, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్లాలి. అక్కడ మీరు వకీలు కావాలని అడగవచ్చు, నాకు ఈ భాష అర్థం కావడం లేదని చెప్పవచ్చు. చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి. సమను వస్తే దాచిపెట్టకండి, మీ ఊరి టీచరుకో, చదువుకున్న కుర్రాడికో చూపించి వాయిదా తేదీ గోడ మీద రాసుకోండి. న్యాయసేవల సంస్థ ఫోను నంబరు ఒకటి ఐదు ఒకటి సున్నా సున్నా. మళ్లీ చెబుతున్నాను, ఒకటి ఐదు ఒకటి సున్నా సున్నా. ఫోనుకు డబ్బులు పడవు.